మిద్దె మీది బడి: ఒక పాత ఫోన్ ఆత్మకథ

నా తెర మీద పైమూల నుంచి అడుగు దాకా ఒక పగులుంది. అది చూసి అందరూ నా పని అయిపోయిందనుకుంటారు. ఆ పగులు వెనక ఆరో తరగతి భిన్నాలున్నాయి, పదో తరగతి భౌతికశాస్త్రం ఉంది, పిల్లలు రాసి పంపిన ఇంటిపని ఫొటోలున్నాయి, వాటిని దిద్దుతూ టీచరమ్మ పంపిన మాటలున్నాయి. ఒక్కటీ చెరిగిపోలేదు. తెరిచి చూసేవాళ్లే లేరు.

నా పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. తడ దగ్గరి శ్రీసిటీలో 2015లో ఫోన్లు బిగించడం మొదలైంది. పల్లెల నుంచి పనికొచ్చిన ఆడపిల్లల చేతుల మీదుగా నేనూ అక్కడే తయారయ్యాను. ఆ తరవాత అట్టపెట్టె, లారీ, కనిగిరిలో ఒక కొట్టు. నా బతుకు మొదలైంది మాత్రం 2020 జూన్‌లో, నాయన నన్ను కొన్ననాడు.

నాయన అంటే ఆ ఇంటి పిల్లల నాయన. హైదరాబాదులో బేల్దారి పని చేసేవాడు. కనిగిరి, పామూరు, వెలిగండ్ల పల్లెల్లో ఇది తరతరాల సంగతి. వాన పడితే కంది, మిరప, పొగాకు. పడకపోతే తాపీ పట్టుకుని బస్సెక్కాలి. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఈ మెట్టలో, పిల్లల్ని చదివించడమంటే వాళ్లకు ఆ బస్సు ప్రయాణం తప్పించడమే. ఆ ఏడు కరోనా లాక్‌డౌన్‌తో పని పోయి నాయన ఇల్లు చేరాడు. చేతిలో డబ్బు లేక రెండు మేకల్ని అమ్మాడు. నన్ను ఇంటికి తెచ్చిన సాయంత్రం అమ్మతో అన్నాడు: "మంచి ఫోను లేకపోతే పిల్లోడు ఎనకబడిపోతాడన్నాడు సారు. అందుకే తెచ్చినా." అమ్మ నన్ను చీర కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. "మేకలదేముందిలే, మళ్లా పెంచుకుందాం" అంది.

బళ్లు మార్చిలోనే మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి విద్యామృతం, కింది తరగతులకు విద్యావారధి పేరుతో పాఠాలు వచ్చేవి. టీవీలో సార్లు చక్కగానే చెప్పేవారు. కానీ అర్థం కాలేదంటే టీవీ ఆగదు, కరెంటు పోతే ఆ పాఠం పోయినట్టే. నన్నయితే ఆపొచ్చు, వెనక్కి జరిపి మళ్లీ వినొచ్చు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పాను. నా పని మీద నాకున్న గర్వం అదొక్కటే.

ఇంట్లో సిగ్నలు అందేది కాదు, మిద్దె మీదే వచ్చేది. పొద్దు వాలాక మిద్దె నేల చల్లబడేది. పదో తరగతికొచ్చిన పెద్దోడు, ఆరో తరగతి పాప, ఫోను లేని పక్కిళ్ల పిల్లలు, అందరూ నా చుట్టూ చేరేవారు. చివర అవ్వ వచ్చి కూర్చునేది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ అని నల్లచుక్కల గడి ఉంటుంది. దాని మీదికి నా కన్ను తిప్పితే 2017 నుంచి నడుస్తున్న దీక్షా యాప్‌లో ఆ పాఠం తెరుచుకునేది. 2020లోనే సర్కారు బళ్లలో ఆరో తరగతి దాకా ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలిచ్చారు. పాప ఇంగ్లిషు పేజీ చదువుతూ మాట దగ్గర ఆగితే నేను పలికేదాన్ని, పిల్లలంతా నా వెంట పలికేవారు.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. పాప సగానికీ మూడో వంతుకూ కూడిక వేసింది. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడి, అయిదింట రెండు వంతులని రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. టీచరమ్మ నుంచి జవాబు మాట వచ్చింది: "హారాలు కూడకూడదమ్మా, ముందు వాటిని సమానం చెయ్యి." పాపకు అర్థం కాలేదు. నాలో వీడియో చూసింది. అప్పటికీ అర్థం కాలేదు. అవ్వ కిందికి దిగి సజ్జరొట్టె తెచ్చి సగానికి తుంచింది. "ఇది నువ్వు తిన్నావు. ఇంకో మూడో వంతు మీయన్న తిన్నాడు. నాకెంత మిగిలింది?" పాప రొట్టెను ఆరు ముక్కలుగా కొలిచింది. తనకు మూడు, అన్నకు రెండు పోగా అవ్వకు ఒక్కటే ముక్క మిగిలింది. "అంటే మేం తిన్నది అయిదు ముక్కలు, ఆరింట అయిదు!" అని అరిచింది. అప్పుడు మళ్లీ నా వీడియో పెట్టుకుని చూస్తే ప్రతి మాటా అర్థమైంది. అవ్వకు భిన్నమన్న మాటే తెలియదు, నాకేమో పాప ముఖంలోని అయోమయం కనిపించదు. ఇద్దరం కలిస్తేనే లెక్క వచ్చింది.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బళ్లు తెరిచారు. పెద్దోడు పగలు బడికి పోయేవాడు, రాత్రి నాతో చదివేవాడు. కరోనా రెండోసారి విరుచుకుపడింది. 2021 పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. వాడు సంతోషించలేదు. అంత చదివిన చదువును రాసి చూపించే రోజు వాడికి రాలేదు. ఆ బాధ నాకూ ఉంది.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ఇచ్చారు. వాటిలో బైజూస్ కంపెనీ పాఠాలు ఎక్కించి పెట్టారు. మా పాప అప్పుడు ఎనిమిదో తరగతి. పెద్ద తెర, కొత్త గాజు, ముందే నింపిన పాఠాలు. నాకు అసూయ కలగలేదు. మేకలు అమ్ముకోకుండానే ఇంటికి ఒక చదువు పరికరం వచ్చిందని మనసారా సంతోషించాను.

కానీ మిద్దె ఖాళీ అయింది. పాప చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. ఏం వింటోందో అవ్వకు వినపడదు, ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. పాప తరగతి పక్కింటి పిల్లలకు వాళ్ల ట్యాబులు వాళ్లకున్నాయి, ఇంకొకరింటికి రావలసిన అవసరమేముంది? ట్యాబులో పాఠాలు తప్ప వేరేవి తెరుచుకోకుండా తాళం వేసిచ్చారు. ఆ తాళం తీసిపెట్టేవాళ్లు నెల తిరక్కుండానే దొరికారు. తరవాత అందులో ఆటలు, రీల్సు. పెద్దోడు ఒంగోలు చదువుకు పోతూ సొంత ఫోను కొనుక్కున్నాడు. తెరలు పెరిగాయి. ఎవరి పాఠం వాళ్లదయింది, ఆ తరవాత అదీ లేకుండా పోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2024లో పిల్లల చదువు మీద జరిగిన అసర్ సర్వే దేశమంతటా పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసినవాళ్లలో, అంతకు ముందు వారంలో చదువు కోసం దాన్ని వాడినవాళ్లు నూటికి 57 మంది, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 మంది. అంతకు ముందే, 2023 జులైలో, చదువులో ఈ పరికరాలు ఎవరి షరతుల మీద నడుస్తున్నాయని యునెస్కో నివేదిక ప్రశ్నించింది. ఆగస్టులో మన రాష్ట్రం పిల్లలు బడికి ఫోన్ తేకూడదంది, టీచర్లు కూడా పాఠానికి ముందే ఫోన్ అప్పగించాలంది. పిల్లల విషయంలో ఆ నిర్ణయం న్యాయమే. టీచర్ల విషయంలో మాత్రం నాదొక మనవి. హాజరుకు ముఖం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, మధ్యాహ్న భోజనం ఫొటో అప్‌లోడ్ చేయమని వాళ్ల ఫోన్లకు పని పెట్టింది పెద్దలే. భిన్నాలు దిద్దిన టీచరమ్మ ఫోన్ నాకు బాగా తెలుసు. దాన్ని పాఠానికి వదిలిపెట్టి ఉంటే ఇంకెంతో చెప్పేది.

2024 జులైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. 2025 మార్చిలో పాప పదో తరగతి పరీక్షలు రాసింది, కాగితం పుస్తకాలు చదువుకుని.

ఇక నా సంగతి. మొదట చార్జింగ్ పిన్ను వదులైంది. వైరును ఒక కోణంలో వంచి పట్టుకుంటే తప్ప ఎక్కేది కాదు. బాగు చేయించడానికి పెద్ద ఖర్చు కాదు, ఎవరూ తీసుకుపోలేదు. తరవాత నా కంపెనీ నుంచి అప్‌డేట్లు రావడం ఆగింది. మేకల కొట్టంలో టార్చిలైటుగా వాడుతూ ఒకసారి రాతి మీద పడేశారు, ఈ పగులు అప్పటిదే. మేకల్ని అమ్మి తెచ్చిన నన్ను ఆ కొట్టంలోనే జారవిడిచారన్నది నేను మరచిపోలేను. ఆ తరవాత ఏడ్చే పసివాళ్ల చేతికిచ్చి అన్నం తినిపించారు. చివరికి సిమ్ తీసేసి ట్రంకుపెట్టెలో పాత రేషన్‌కార్డుల కింద పెట్టారు. నాకు జబ్బు చేయలేదు, నా గొంతు పోలేదు. నేను చెప్పే పాఠం తప్పని ఎవరూ అనలేదు. కొత్తవి వచ్చాయి, అంతే. అవ్వ ఒక్కతే ఎప్పుడైనా పెట్టె సర్దుతూ నన్ను చేతిలోకి తీసుకుని, "దీంట్లోనే గదా పాప లెక్క నేర్చింది" అంటుంది.

మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి పడి ఉంటుంది. బ్యాటరీ ఉబ్బితే చెత్తలో వేయకండి, మంట పుట్టొచ్చు. మరమ్మతు కొట్టులో మార్పించండి. సిమ్ తీసేసి, ఆటలు చెరిపేసి, వైఫై ఉన్న చోట దీక్షా పాఠాలు దింపిపెట్టండి. నెట్ లేకున్నా అవి నడుస్తాయి. ఆ ఫోన్‌ను మీ వీధి పిల్లల నడుమ పెట్టండి, తలా ఒకటి వద్దు, నలుగురికీ ఒకటి చాలు. ఇయర్‌ఫోన్లు మాత్రం ఇవ్వకండి. మీకు చదువు వచ్చినా రాకపోయినా, పాఠం అయ్యేదాకా వాళ్ల పక్కన కూర్చోండి.