ఎంచుకుని ఏడవడం ఎలా?

సంతోషంగా ఉండటం ఎలాగో చెప్పే పుస్తకాలకు కొదవలేదు. చేతికందిన సంతోషాన్ని చెడగొట్టుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ పద్ధతిగా రాసిపెట్టలేదు. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చిన విద్య కాబట్టి అవసరం లేదనుకున్నారేమో. పెళ్లిచీర నుంచి పిల్లల కాలేజీ సీటు దాకా, ఫోను నుంచి ఫ్లాటు దాకా, మనకు నచ్చినదాన్ని మనమే ఎంచుకుని, ఆ తర్వాత తీరిగ్గా కుమిలిపోవడంలో ఈ వ్యాసం రాసినవాళ్లూ చదివేవాళ్లూ అందరం ఆరితేరినవాళ్లమే. అయినా ఏ విద్యకైనా కొన్ని సూత్రాలుంటే మంచిదే కదా.

మొదటి సూత్రం: ఎంచుకునేముందు అన్నీ చూడండి. అన్నీ అంటే అన్నీ. బట్టల షాపులో సేల్స్‌బాయ్ మడత విప్పి పరిచిన చీరల్లో, ఎర్రంచు ఆకుపచ్చది భుజాన వేసుకుని అద్దంలో చూసుకోగానే నచ్చేసిందనుకోండి. అక్కడితో ఆగితే సంతోషపడిపోయే ప్రమాదం ఉంది. వెంటనే ‘ఇదే రంగులో పెద్దంచు ఉందా బాబూ?’ అని అడగాలి. రకాలు పెరిగితే ఏమవుతుందో చూడటానికి పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ చేసి 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కాలిఫోర్నియాలోని ఓ దుకాణంలో 24 రకాల జామ్‌లు పెట్టినప్పుడు ఎక్కువమంది ఆగి చూశారు. కానీ రుచి చూసినవాళ్లలో కొన్నది 3 శాతమే. 6 రకాలే పెట్టినరోజు 30 శాతం కొన్నారు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇలాంటి 50 ప్రయోగాలను కలిపి 2010లో లెక్కగడితే, సగటున ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అంటే రకాలు ఎక్కువైనంత మాత్రాన మనిషి చెడిపోడు. నేరం జామ్ సీసాలది కాదు, చీరల బీరువాది అంతకన్నా కాదు. అది మన చూపులోనే ఎక్కడో ఉంది.

రెండో సూత్రం: కొన్నాక కూడా ధర విచారించడం మానకండి. పక్క షాపులో వంద తక్కువని తెలిసేదాకా నిద్రపోవద్దు.

మూడో సూత్రం: కొన్న ఫ్లాటును ఎప్పుడూ కొనని ఫ్లాటుతోనే పోల్చండి. కొన్నదాంట్లో గోడ చెమ్మగిల్లుతుంది, లిఫ్టు ఆగుతుంది. కొననిదాంట్లో ఇప్పటిదాకా ఒక్క కుళాయి కూడా కారలేదు.

నాలుగో సూత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది: తలుపు ఎప్పుడూ మూయకండి. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన విద్యార్థి మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. ఫ్రీజ్ అంటే వచ్చింది చాలు. స్లైడ్ అంటే అదే కాలేజీలో పైన పెట్టుకున్న బ్రాంచి దొరికితే మారతాను. ఫ్లోట్ అంటే ఏ కాలేజీలోనైనా సరే, పై ఆప్షన్ వస్తే వెళ్లిపోతాను. పదిహేడేళ్ల పిల్లలకు ఫ్లోట్ పెట్టుకోవడం తెలివైన పనే, ఎందుకంటే ఆ కౌన్సెలింగ్‌కు ఆఖరి రౌండు ఉంది. మన బుర్రలో నడిచేదానికి లేదు. ఉద్యోగంలో చేరి ఏడేళ్లయినా ఫ్లోటే, ఊరు మారి ఇల్లు కట్టుకున్నా ఫ్లోటే. అమెరికా వెళ్లినవాళ్లు ఇండియాకి, ఇండియాలో ఉండిపోయినవాళ్లు అమెరికాకి మనసులో టికెట్ కొని పెట్టుకునే ఉంటారు. తలుపు తెరిచి ఉంచుకుంటే స్వేచ్ఛ, స్వేచ్ఛ ఉంటే సంతోషం అని మన లెక్క. హార్వర్డ్‌లో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ ఈ లెక్కనే పరీక్షించి 2002లో ఫలితం ప్రచురించారు. విద్యార్థులు తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఉంచుకుని ఒకటి ఇచ్చేయాలి. కొందరికి తర్వాత మార్చుకునే వీలుంది, కొందరికి లేదు. వీలు లేనివాళ్లకే తమ ఫొటో ఎక్కువ నచ్చింది. విచిత్రమేమిటంటే, ఏది కావాలని వేరే విద్యార్థులను ముందుగా అడిగినప్పుడు ఎక్కువమంది మార్చుకునే వీలే కావాలన్నారు. తమ సంతోషం దేనితో తగ్గుతుందో దాన్నే కోరుకున్నారన్నమాట. ఇందులో కిటుకేమీ లేదు. ఇక ఇదే మనదని తేలాక మనసు అందులో మంచిని చూడటం మొదలుపెడుతుంది. ఇంకా వీలుందంటే లోపాలు ఏరుతూ కూర్చుంటుంది.

ఐదో సూత్రం: బాగున్నదానితో సరిపెట్టుకోకండి, అన్నిటికన్నా మంచిదే కావాలనండి. దీనివల్ల లాభం లేకపోలేదు. అయ్యంగార్, వెల్స్, ష్వార్ట్జ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యుత్తమమే కావాలనే తత్వం ఉన్న విద్యార్థులకు మొదటి ఉద్యోగంలో మిగతావాళ్లకన్నా 20 శాతం ఎక్కువ జీతం దొరికింది. తృప్తి మాత్రం వాళ్లకే తక్కువ. జీతమే గెలుపు అనుకునేవాళ్లు ఈ సూత్రాన్ని నిస్సంకోచంగా పాటించవచ్చు. తక్కినవాళ్లు హెర్బర్ట్ సైమన్ మాట వినాలి. మనిషికున్న కాలమూ తెలివీ పరిమితం కాబట్టి, తన అవసరాలకు సరిపోయేది కనబడగానే వెతుకులాట ఆపేయడమే వివేకమని ఆయన 1950ల్లోనే వాదించాడు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అంటే చివరికి సర్దుకుపొమ్మనే కదా చెబుతున్నారు అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ‘సర్దుకుపో తల్లీ’ అన్నమాట మన ఇళ్లల్లో కొడుకులకన్నా కూతుళ్లకే ఎక్కువ వినబడింది. అదీ వాళ్లు ఎంచుకోని వాటి విషయంలో. హార్వర్డ్ ప్రయోగం ఫొటోల మీద జరిగింది, హింసించే కాపురాల మీద కాదు. చేయి చేసుకునే మొగుడి నుంచి, జీతం ఎగ్గొట్టే యజమాని నుంచి బయటపడే తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి, అవసరమైతే బద్దలు కొట్టాలి. ఎంచుకునే హక్కే లేనివాళ్ల ముందు తృప్తి గురించి ఉపన్యాసాలివ్వడం అన్యాయం. ఇక్కడ చెబుతున్నది వేరే బాధ గురించి. రెండూ మంచివే అయినప్పుడు ఒకటి తీసుకుని రెండోదాని కోసం ఏడ్చే బాధ అది. దానికి ఎవర్నీ తప్పుపట్టలేం. ఎంచుకోవడమంటేనే ఒకటి వదులుకోవడం. వదులుకున్నదాని విలువ నిజమైనదే, ఆ కాస్త వెలితీ నిజమే. అది ఏ ఎంపికతోనూ పోదు. సరైనది ఎంచుకుంటే వెలితి ఉండదన్న భ్రమే మనల్ని ఇంకో షాపుకీ, ఇంకో ఊరికీ తిప్పుతోంది.

కాబట్టి పై సూత్రాలన్నీ ఇప్పటికే కంఠతా వచ్చినవాళ్లకు ఒక్క మనవి. ఎంచుకునేముందు ఎంతైనా ఆలోచించండి, పదిమందినీ అడగండి. ఎంచుకున్నాక మాత్రం మీకు మీరే ఒక ఆఖరి రౌండు పెట్టుకుని, ఫ్రీజ్ అనేయండి. మీ ఎంపిక మంచిదో కాదో తేలేది షాపులో కాదు, దానితో మీరు గడిపే రోజుల్లో.