కుయ్యి కుయ్యి యనుచు: సటీకా తాత్పర్యం

అవతారిక

మెతుకుసీమ కోలాచలం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మాకంత నిష్ఠ లేదు. పైగా ఇక్కడ మూలం కూడా మాదే కనుక అడిగేవారు లేరు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లందరికీ తెలిసి, సిగ్నల్ దగ్గర మాత్రం ఎవరికీ గుర్తుకురాని ధర్మమొకటి ఉంది. దాన్ని ఆటవెలదిలో కట్టి, టీకా తాత్పర్యాలు కూడా మేమే సమకూరుస్తున్నాం. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే అవడం వల్ల కవిహృదయం వెతుక్కునే శ్రమ తప్పింది.

మూలం

కుయ్యి కుయ్యి యనుచు గుమిలోన బండి రా
నెడమ కొదిగి దారి నిచ్చి నిలుము
దాని తోక పట్టి తరలకు మెప్పుడు
నెవరు లోన ననుచు నెంచ వలదు

ప్రతిపదార్థం

కుయ్యి కుయ్యి యనుచున్ = కుయ్ కుయ్ మని కూత పెడుతూ; గుమిలోనన్ = వాహనాల గుంపులోకి; బండి = అంబులెన్సు గాని, ఫైరింజను గాని; రాన్ = రాగా; ఎడమకున్ = ఎడమ పక్కకు; ఒదిగి = జరిగి; దారిన్ ఇచ్చి = తోవ వదిలి; నిలుము = ఆగుము; దాని తోక పట్టి = దాని వెనకే అంటుకుని; ఎప్పుడున్ = ఎంత ఆలస్యమైన రోజైనా; తరలకుము = పోకుము; ఎవరు లోనన్ అనుచున్ = లోపల ఎవరున్నారో అని; ఎంచన్ వలదు = విచారణ చేయవద్దు.

వ్యాఖ్య

‘కుయ్యి కుయ్యి’: ధ్వన్యనుకరణం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైన దగ్గర్నుంచి ఈ కూత తెలుగువారి చెవికి కొత్త కాదు. పల్లెల్లో చిన్నపిల్లలు కూడా ఈ బండిని కూతతోనే అనుకరిస్తారు. అయితే అద్దాలెత్తి, ఏసీ వేసి, పాట పెట్టిన కారులో ఈ శబ్దం చివరి క్షణంలో గాని వినబడదు. కాబట్టి చెవితో పాటు కన్నూ కావాలి. అందుకే అంబులెన్సు నొసట పేరు తిరగేసి రాస్తారు. ఎదురుగా చూస్తే అచ్చుతప్పులా ఉంటుంది, ముందు బండి అద్దంలో చూస్తే సరిగ్గా కనబడుతుంది. ముందు నుంచి చదివితే రామకథ, వెనక నుంచి చదివితే కృష్ణకథ వచ్చేలా వేంకటాధ్వరి ‘రాఘవయాదవీయం’ రాశాడు. దాని అర్థానికి పండితుడు కావాలి. దీనికి అద్దం చాలు, కానీ ఆ అద్దాన్ని తల దువ్వుకోవడానికి లోపలికి తిప్పి ఉంచకూడదు.

‘గుమిలోన’: ఈ పదానికి పంజాగుట్ట చౌరస్తా చూసినవారికి వివరణ అక్కర్లేదు. నిమ్స్ ఆసుపత్రి అక్కడికి కూతవేటు దూరం. ఆ కూత మాత్రం సిగ్నల్ దగ్గరే ఆగిపోతుంది. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డున్న చోట నేరుగా పోవాల్సిన మోటార్‌సైకిళ్లు నిండి ఉంటాయి. ఈ గుమికి ఒక విరుగుడు 2025 జనవరి 17న దొరికింది. ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు దాత గుండెను మెట్రో రైల్లో తెచ్చారు: 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. పదమూడు అచ్చిరాదనేవారు గమనించగలరు. కానీ అందరు రోగులనూ పట్టాలెక్కించలేం కనుక ఈ పద్యం అవసరమైంది.

‘బండి’: ఏకవచనమే అయినా జాతివాచకం. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల ప్రకారం అత్యవసర వాహనాలు ఒకేసారి ఎదురైతే అగ్నిమాపక వాహనానిది అగ్రతాంబూలం, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత పోలీసు వాహనం. ఫైరింజను నాలుగైదు వేల లీటర్ల నీళ్లు మోస్తూ వస్తుంది. దాని ముందు హఠాత్తుగా బ్రేకు వేసి భక్తి చాటుకోరాదు.

‘ఎడమ కొదిగి’: మొదట ఇండికేటరు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత బ్రేకు. ఈ క్రమం తప్పరాదు. అత్యవసర వాహనం సాధారణంగా డివైడరు పక్క వరసలో వస్తుంది కనుక ఎడమ. ఇప్పటికే ఎడమ చివరనున్నవాడు కుడికి దూకి మర్యాద చేయనక్కర్లేదు, ఉన్నచోటే ఆగితే అదే మర్యాద. రోడ్డు పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు డివైడరు పక్కవాళ్లు డివైడరుకు, మిగతావాళ్లు ఎడమకు ఒత్తుకుంటే మధ్యలో సందు ఏర్పడుతుంది. జర్మనీ హైవేల మీద సైరన్ వినబడేదాకా ఆగకుండా, వాహనాలు నెమ్మదించగానే ఈ సందు వదలాలని చట్టమే చెబుతుంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు మొదటిసారి చూసి, ముందు ఏదో యాక్సిడెంటయిందని కంగారు పడితే తప్పులేదు.

‘నిచ్చి నిలుము’: ఇవ్వడం వేరు, నిలవడం వేరు. చాలామంది ఇస్తారు గాని నిలవరు. పక్కకు జరుగుతూనే పక్కవాడికన్నా ఒక గజం ముందుకు పోతారు. ఉదాహరణకు ఈ సంభాషణ:

“అన్నా, జర బండి పక్కకు దియ్యవా, ఎనక అంబులెన్స్ వచ్చింది!”

“ఎటు దియ్యాలె తమ్మీ? ముంగట ఆటో ఉన్నది.”

“ఆటోవాలా భాయ్, నువ్వన్న జరుగు!”

ఆటోవాలా మారు మాట్లాడకుండా హ్యాండిల్ ఎడమకు కోసి ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ అంచుకు ఆనించాడు. ఒక జానెడు. వెనకున్నతను బండి దిగకుండానే రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ ఆ జానెడులోకి దూరాడు. అతని వెనక కారు ఇంకో జానెడు. అంబులెన్సు అద్దం కారు అద్దాన్ని ముద్దు పెట్టుకునేంత దగ్గరగా సాగిపోయింది. దారి ఇచ్చినవాడు ఒక్కడు కాదు, జానెడు చొప్పున ముగ్గురు. మొదటివాడు కదలనిదే మిగతా ఇద్దరూ కదల్లేరు. అందుకే కవి ‘నిలుము’ అని ఏకవచనంలో నిన్నే అన్నాడు, మీలో ఎవరైనా అనలేదు.

‘తోక పట్టి’: ఇక్కడ పురాణ సూచన ఉంది. గోవు తోక పట్టుకుంటే వైతరణి దాటవచ్చని మన నమ్మకం. అంబులెన్సు తోక పట్టుకుంటే పంజాగుట్ట దాటవచ్చని కొందరి నమ్మకం. మొదటిదానికి దానం చేయాలి, రెండోదానికి సిగ్గు వదిలితే చాలు. నిబంధన మాత్రం అత్యవసర వాహనానికి కనీసం 50 మీటర్లు వెనక ఉండమంటుంది. ఇంకో సంగతి: ఒక అంబులెన్సు దాటగానే రోడ్డు మీదికి దూకేవారు అద్దంలో మరోసారి చూడాలి. ఒకే ప్రమాదస్థలం నుంచి రెండో బండి కూడా వస్తుండవచ్చు.

పాఠాంతరాలు

పద్యం ఇంకా ఆరకముందే పాఠాంతరాలు పుట్టాయి. ‘గుమిలోన మంత్రి రా’ అని కొందరి పాఠం. గణాలు సరిపోతాయి, యతికీ ఢోకా లేదు. కానీ 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. దానికోసం కేంద్ర మోటారు వాహన నియమాల్లో సవరించినది 108వ నియమమే కావడం అష్టోత్తర మహిమ. అందువల్ల ఈ పాఠం అనాదరణీయం. బుగ్గ పోయినా కాన్వాయ్ పోలేదు గదా అంటే, వాటికి దారి ఇప్పించడానికి పోలీసులే ఉంటారు, పద్యం అక్కర్లేదు.

‘కుడికి నొదిగి’ అని డాలస్ ప్రతిలో ఉంది. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి కనుక కుడికి జరిగి ఆగాలి. యతి చెడుతుంది గాని ప్రాణం నిలుస్తుంది. అక్కడివారికి ఇదే గ్రాహ్యం.

పూర్వపక్షం

‘ఎవరు లోన ననుచు నెంచ వలదు’ అన్న నాలుగో పాదం ఈ పద్యానికి ప్రాణం. మీద పడే ఆక్షేపణల్లో మొదటిది దానిపైనే.

లోపల రోగి లేడు, ఉత్త బండే సైరన్ వేసుకుని పోతోంది, మేమెందుకు జరగాలి అంటారు. ఈ ఆక్షేపణకు ఆధారం లేకపోలేదు. 2023లో హైదరాబాద్‌లో ఒక అంబులెన్సు సైరన్ మోగిస్తే ట్రాఫిక్ కానిస్టేబుల్ దారి ఇప్పించాడు. ఆ బండి కాస్త ముందుకు పోయి మిర్చి బజ్జీల దగ్గర ఆగింది. కానిస్టేబుల్ బాడీ కెమెరాలో అంతా రికార్డయింది. ఆ దృశ్యం చూసినవాళ్లు ఆ తర్వాత సైరన్ విన్నప్పుడల్లా బజ్జీలనే తలుచుకుంటే ఆశ్చర్యం లేదు.

సిగ్నల్ దగ్గర మొదటి వరసలో ఉన్నాం, గీత దాటితే కెమెరా చలానా పంపుతుంది అనేది రెండో ఆక్షేపణ.

సిద్ధాంతం

మొదటిదానికి సమాధానం. ఉత్త అంబులెన్సుకే తొందర ఎక్కువ. రోగి ఎక్కిన బండిలో ఆక్సిజనూ, చూసుకునే మనిషీ ఉంటారు. రోగి కోసం పోతున్న బండి ఉత్తదే, అవతల పడి ఉన్నవాడి దగ్గర ఇంకా ఎవరూ లేరు. కనుక ‘లోపల ఎవరూ లేరు’ అన్నది దారి ఇవ్వకపోవడానికి కారణం కాదు, ఇవ్వడానికే కారణం. ఇక బజ్జీల విషయమా, ఆ కెమెరా పట్టింది, కానిస్టేబుల్ నిలదీశాడు. విచారించేవాడు వేరే ఉన్నాడు. ఆ పని వందమంది డ్రైవర్లు స్టీరింగు ముందు కూర్చుని, అద్దంలోంచి చూస్తూ, అరనిమిషంలో చేయబోతే తీర్పు వచ్చేలోగా సిగ్నల్ పడుతుంది.

రెండోదానికి సమాధానం. గీత దాటమన్నాం గాని చౌరస్తా దాటమనలేదు. అడ్డంగా వచ్చేవాళ్లు ఆగారని చూసుకుని ఎడమ మూలకు ఒక బండి పొడుగు జరిగితే చాలు. చలానా వచ్చినా ఫొటోలో వెనకున్న అంబులెన్సే మీ తరఫు సాక్షి.

తాత్పర్యం

ఓ డ్రైవరూ! కూత వినబడగానే ఎడమకు జరిగి ఆగు. అవకాశం దొరికింది కదా అని దాని వెనక పోకు. లోపల ఎవరున్నారు, నిజంగా ఉన్నారా అని ఆలోచించకు. సైరన్ నీకు పెట్టుకున్న దరఖాస్తు కాదు, ఉత్తర్వు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పఠించేవారికి పుణ్యలోకాలు దక్కుతాయని హామీ ఇవ్వలేం. పఠించకపోయినా దోషం లేదు, పాటిస్తే చాలు. పాటించనివారికి ఫలం మాత్రం మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షనులో 2019 సెప్టెంబరు 1 నుంచి స్పష్టంగా ఉంది: ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంబులెన్సులో ఎవరున్నారని అడగవద్దని కవి అన్నాడు. అడ్డం నిలిచిన కారులో ఎవరున్నారని చట్టమూ అడగదు. అడిగి వదిలేసే సందర్భాలు ఉంటాయని అనుభవజ్ఞులు అంటారు గాని, అది వేరే శతకం.