అడంగల్ గారికి అభ్యంతర పత్రం

మహారాజశ్రీ అడంగల్ గారి సముఖానికి,

అనంతపురం జిల్లా మెట్టలో ఒకే ఒక్క సర్వే నంబరుకు పట్టాదారుణ్ణయిన నేను నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: బంజరు, అనాధీనం, పోరంబోకు అని తమరు రాసిపెట్టిన భూముల్లో అనుభవదారు కాలమ్ ఖాళీగా వదలడం గురించి.

అయ్యా,

తమరు ఊరి భూముల లెక్క రాసే కాగితమే అయినా మా సీమలో తమరిని మించిన అధికారి లేరు. తహసీల్దార్లు మారతారు, కలెక్టర్లు మారతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లానే రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రంగా ఇంకొకటి వచ్చింది. తమరి మాట మాత్రం చెల్లుతూనే ఉంది. తమరిలో పేరుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే ఎదురుగా నిలబడి దండం పెట్టినా లేనట్టే. అందుకే ఈ అర్జీ నేరుగా తమకే పెట్టుకుంటున్నాను.

మా గుట్టల కింద ఉండే గడ్డి నేలలు, ముళ్ళ పొదల నేలలు చాలావరకు తమరి లెక్కలో ఎవరికీ పట్టనివి. పట్టాదారు ప్రభుత్వం, అనుభవదారు ఎవరూ లేరు. ఢిల్లీలోని భూవనరుల శాఖ, హైదరాబాదులోని ఉపగ్రహ చిత్రాల సంస్థ కలిసి 2000 నుంచి అచ్చు వేస్తున్న బంజరు భూముల అట్లాసు కూడా పొదల నేలను బంజరు కిందే కడుతోంది. ఒకసారి ఖాళీ అని రాశాక ఇక మిగిలేది బేరమే. సోలార్ పలకలకు ఇద్దామా, గాలిమరలకు ఇద్దామా, కంకర క్వారీకి ఇద్దామా అని. ఎన్.పి.కుంటలో వేల ఎకరాల్లో పలకలు పరిచారు, రామగిరి కొండల మీద మరలు తిరుగుతున్నాయి. కరెంటు వద్దనేంత గొప్పవాణ్ణి కాను. కాపురం ఉన్న ఇంటికి ఖాళీ అని బోర్డు పెట్టడం ఏం న్యాయమనే అడుగుతున్నాను.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే జిల్లా మాది. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటని చెప్పుకుంటారు. ఇక్కడ మేము బోరు వేస్తాం, అది ఎండితే ఇంకోటి వేస్తాం, అదీ ఎండితే బెంగళూరు బస్సెక్కుతాం. బోరు లేకుండా, అప్పు లేకుండా, వలస పోకుండా తరతరాలుగా ఇదే నేల మీద బతుకుతున్న వాళ్ళు వేరే ఉన్నారు. వారి అనుభవానికి ఆధారాలు సమర్పిస్తున్నాను.

ఒకటి, కృష్ణజింక. ఉరవకొండ, వజ్రకరూరు వైపు చేలల్లో మందలు మందలుగా తిరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు. ప్రమాదం పసిగట్టిన ఆడజింక మొదట నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా నేల విడిచి నిలువునా పైకెగురుతుంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మంద మొత్తం. మగజింకకు వయసు వచ్చేకొద్దీ ఒళ్ళు నల్లబడుతుంది, కొమ్ములు మెలితిరుగుతాయి. అప్పుడది తన జాగా కొలుచుకుని పెంటికల కుప్పలతో హద్దులు పెట్టుకుంటుంది. సర్వేయరూ అక్కర్లేదు, హద్దురాళ్ళూ అక్కర్లేదు, పక్కవాడితో కోర్టు వ్యాజ్యం అసలే అక్కర్లేదు. ప్రభుత్వం దీనికి రాష్ట్ర జంతువని బిరుదు ఇచ్చింది. తమరు మాత్రం సెంటు భూమి రాయలేదు.

రెండు, ఎలుగుబంటి. కళ్యాణదుర్గం, మడకశిర గుట్టల్లో బండల సందులు దీని ఇళ్ళు. పై దవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ లోటే దీనికి పనిముట్టు. పుట్టను గోళ్ళతో తవ్వి, ఉఫ్‌మని మట్టి ఊదేసి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులు ముందుకు సాచి, పళ్ళ సందులోంచి చెదలను జుర్రుమని లాగేస్తుంది. ఆ చప్పుడు వంద గజాల అవతలికి వినిపిస్తుంది. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరిగే ఎలుగు జాతి ఇదే. రేగుపండ్లు, నేరేడు పండ్లు తిని గింజలను గుట్టంతా చల్లి వస్తుంది. మొక్కలు నాటినందుకు ఏ బిల్లూ పెట్టదు. సరిహద్దు దాటితే కన్నడ నాట దరోజిలో 1994లోనే దీనికోసం అభయారణ్యం ప్రకటించారు.

మూడు, నక్షత్ర తాబేలు. ఎండాకాలమంతా పొదల కింద కదలకుండా పడి ఉండి, తొలకరికి బయటికి వస్తుంది. డిప్ప మీది పసుపు గీతలు ఎండుగడ్డిలో కలిసిపోయి, పక్కనే నడిచేవాడికీ కనబడదు. వెల్లకిలా పడ్డా దానంతటదే తిరగబడేందుకు అనువైన ఆకారం ఆ డిప్పది. ఎలా పెట్టినా ఒకే తీరున నిలబడే ఘనాకారం ఒకటి ఉంటుందని హంగేరీ గణితవేత్తలు లెక్క కట్టి తయారుచేశాక, దానికి చాలా దగ్గరి పోలిక ఈ తాబేలులోనే కనబడింది. ఇంత తెలివైన డిప్పను దొంగలు సంచుల్లో కుక్కి విదేశాలకు అమ్ముతున్నారు. 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది.

నాలుగు, తోడేలు. గొర్రెపిల్ల పోయినప్పుడు దీన్ని తిట్టని కాపరి లేడు. అయినా దీని వంశం చూడండి. మన దేశపు తోడేలు ప్రపంచంలోని తోడేళ్ళలో అతి పాత శాఖలలో ఒకటని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. లింకు డాక్యుమెంట్లు అడిగే తమరికి ఇంతకంటే పాతది ఎవరు చూపించగలరు? దేశమంతా కలిపినా ఇవి మూడు వేల చిల్లర ఉంటాయని అంచనా. పులికి అడవి ఇచ్చాం, ఏనుగుకు అడవి ఇచ్చాం. తోడేలుకు కావలసింది గడ్డి నేల. దాన్నేమో తమరు బంజరు అంటున్నారు.

ఈ నాలుగూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చట్టంలో పేరుండి భూమి రికార్డులో లేకపోతే ఏమవుతుందో తమరికి తెలియంది కాదు.

రికార్డు ఎంత నమ్మదగిందో రెండు పిట్టలు చెబుతాయి. కలివికోడి అనే చిన్న పిట్టను 1848లో జెర్డాన్ దొర లోకానికి తెలిపాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిందని రాశారు. ఆ తర్వాత 86 ఏళ్ళు అది అంతరించిందనే రాసుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర బయటపడింది. అక్కడి ఊరివాళ్ళకు ఆ పిట్ట ముందునుంచీ తెలుసు, పేరుతో సహా. ఇక బట్టమేక పిట్ట. పదిహేను కిలోల దాకా తూగుతుంది, నేల మీద ఒకే గుడ్డు పెడుతుంది. 1988లో దీనికోసం అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం ప్రకటించారు. చుట్టూ పంటలు మారాయి, కుక్కలు పెరిగాయి, పిట్ట కనబడడం మానేసింది. లంకమలలో పిట్ట ఉన్నా ఆ 86 ఏళ్ళూ రికార్డు లేదు. రోళ్ళపాడులో రికార్డు ఉండగానే పిట్ట పోయింది.

ఇదంతా చదివి నన్ను జంతుప్రేమికుడనుకోకండి. విత్తిన చెనక్కాయను కృష్ణజింకల మంద ఒక్క రాత్రిలో తొక్కి మేసిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నష్టపరిహారానికి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసిన వాణ్ణే. కానీ గడ్డి నేలంతా పలకల కిందికి పోతే జింక ఎక్కడికి పోతుంది? నా చేలోకే వస్తుంది. దాని భూమి తీసుకున్న వాడొకడు, దానికి మేత పెడుతున్న వాణ్ణి నేను.

చిలమత్తూరు మండలం వీరాపురం చూడండి. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. అక్కడి చెట్లకు అనుభవదారు ఎవరో తమరిని అడిగి రాసుకోలేదు.

కనుక ప్రార్థన ఏమనగా: గడ్డి నేలలను బంజరు పద్దు నుంచి తీసి వేరే పద్దులో రాయాలి. అనుభవదారు కాలమ్‌లో పైవారి పేర్లు ఎక్కించాలి. ఆ నేల ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ముందు అక్కడ ఏమేం బతుకుతున్నాయో కాపరులను పిలిచి విచారించాలి. పంట నష్టం డబ్బు మరుసటి విత్తనం లోపల రైతు ఖాతాలో పడాలి. అది పడకుండా జింకను కాపాడమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక చెనక్కాయ రైతు