రెండు గదుల సంచి

నా కడుపులో రెండు గదులే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మధ్యలో స్పాంజి అడ్డుగోడ, దాని చివర్లకు వెల్‌క్రో. మూతకు ఒక జిప్పు, వెనక ఒక సన్నని జేబు, భుజానికి వెడల్పాటి పట్టీ. నా ఒళ్లంతా ఇంతే. బెంగళూరు సిటీ మార్కెట్ దగ్గరి సందులో, ఒక చిన్న అంగడిలో కొక్కేనికి వేలాడుతూ ఉండేదాన్ని. షట్టరు ఎత్తగానే పూల మార్కెట్ వైపు నుంచి చేమంతుల వాసన లోపలికొచ్చేది.

మా అమ్మాయి అక్కడికి వచ్చింది కరగ ఉత్సవం ముగిసిన మూడో రోజున. హిందూపురం పిల్ల, బెంగళూరులో ఉద్యోగం. వస్తూనే అంగడి పెద్దాయనతో తన బాధ చెప్పుకుంది. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేటలో, ధర్మరాయస్వామి గుడి ముందు గంటల తరబడి నిలబడిందట. కత్తులు పట్టుకున్న వీరకుమారులు బయటికొచ్చారు. వెనకే మల్లెపూలతో గోపురంలా కట్టిన కరగ. కెమెరాకు ఉన్నదేమో దూరానికి వాడే పొడుగు లెన్సు. ఆ మసక వెలుగులో దానికి చూపు ఆనదు. చీకట్లో పనికొచ్చే 50 ఎంఎం లెన్సు వీపు మీది పెద్ద బ్యాగులో, అడుగున ఉంది. జనం ఎంత ఒత్తుకుని ఉన్నారంటే పట్టీలోంచి చెయ్యి బయటికి రాలేదు. వచ్చేసరికి కరగ సందు మలుపు తిరిగిపోయింది.

ఆ మాట చెబుతుంటే ఆమె గొంతు పూడుకుపోయింది. కొక్కెం మీదున్న నాకు కూడా అదోలా అయింది.

పెద్దాయన బ్యాగులు చూపించలేదు. "అవి తర్వాత చూద్దాంలేమ్మా. ముందు నీ సామానంతా ఈ బల్ల మీద పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. ట్రైపాడు, ఫ్లాషు, ఛార్జరు, రెండు ఫిల్టర్లు, అన్నీ. "ఇందులో పోయిన నెలలో నీ చేతికి వచ్చినవి ఏవమ్మా?" ఆమె కాసేపు ఆలోచించి నాలుగు వస్తువులు పక్కకు జరిపింది. కేనన్ 200డి మార్క్ 2 కెమెరా, 449 గ్రాములు. గుళ్లకూ వీధులకూ వెడల్పుగా చూసే 10-18 లెన్సు, 240. పక్షుల కోసం 55-250, అది 375. ఆ రాత్రి అందకుండా పోయిన 50 ఎంఎం, 160. నాలుగూ కలిపితే కిలోంపావు కన్నా కాస్త తక్కువ. దానికోసం ఆమె ఇన్నాళ్లూ అంత పెద్ద బ్యాగు మోస్తోంది!

తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పొడుగు లెన్సును బల్ల మీద నిలబెట్టాడు. దాని పక్కన వెడల్పు లెన్సు, ఆ లెన్సు మీద 50 ఎంఎం పెట్టాడు. ఒకటి 7.2 సెంటీమీటర్లు, ఇంకొకటి 3.9. పక్కనున్న పొడుగుది 11.1. మూతల మందం వదిలేస్తే రెండు వైపులూ సరిసమానం. "చూశావా! మధ్యలో ఒక మెత్తని గుడ్డ వేస్తే ఈ రెండింటికీ ఒక్క గది చాలు. పొడుగుది కెమెరాకే తగిలించి ఉంచుకో, దానికి ఇంకో గది" అన్నాడు. అప్పుడు నన్ను కొక్కెం మీంచి దించాడు.

దించి ఊరికే చేతికివ్వలేదు. సామాను నింపి, తగిలించుకుని స్టూలు మీద కూర్చోమన్నాడు, వంగమన్నాడు. నడుము దగ్గరున్న నన్ను ముందుకు లాగి, కళ్లు మూసుకుని, ఒక్క చేత్తో 50 ఎంఎం బయటికి తీయమన్నాడు. నా మూత ఒంటి వైపు కాక బయటి వైపుకు వాలుతుంది. అందుకే చెయ్యి తిన్నగా లెన్సు మీదికి పోయింది. ఆమె ధర అడిగింది ఆ తర్వాతే.

ఆ పెద్ద బ్యాగును నేను తక్కువ చెయ్యను. 70-200 ఎఫ్ 2.8 లాంటి లెన్సులు ఒక్కొక్కటీ దాదాపు కిలోన్నర ఉంటాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లకు, అడవుల్లోకి వెళ్లేవాళ్లకు అవి కావాలి, నాలో పట్టవు. ఆరేడు లెన్సులు పెట్టొచ్చని ఎవరైనా నన్ను అమ్మితే అది అబద్ధం.

ఇద్దరం కలిసి మొదట వెళ్లింది లాల్‌బాగ్‌కు. 1889లో పునాదిరాయి వేసిన గాజు మేడ ముందు వెడల్పు లెన్సు పెట్టి చాలాసేపు తిరిగింది. తర్వాత ఒక ముసలి చెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబ కనబడింది. లెన్సు మార్చాలని నా అడ్డుగోడను కదిపింది. చర్ర్ మంది వెల్‌క్రో. గుడ్లగూబ ఎగిరిపోయింది. ఆ రాత్రే సూదీ దారం తీసుకుని, బయటికి కనబడే వెల్‌క్రో అంచుల మీద పాత చుడీదార్ గుడ్డ కుట్టింది. ఆ నీలిరంగు కుట్లు ఇప్పటికీ నా లోపల ఉన్నాయి. నన్ను చేసినవాళ్లకు తోచని పని అది.

నాకు జరిగిన కీడు సెప్టెంబరులో. బెంగళూరు వానలు ఆ నెలలో బాగా పట్టి కురుస్తాయి. స్కూటరు మీద వస్తుంటే కుండపోత. వాన తొడుగు ఇంట్లో ఉండిపోయింది. జిప్పు పళ్ల సందుల్లోంచి నీళ్లు దిగాయి. ఆమె ఇంటికి రాగానే లెన్సులన్నీ తీసి తుడిచింది కానీ నన్ను అలాగే మూసి మూలన పెట్టేసింది. నేను తడి స్పాంజితో నాలుగు రోజులున్నాక లెన్సులు మళ్లీ నాలోకే వచ్చాయి. నెలన్నరకు 50 ఎంఎం అద్దం లోపల సాలెగూడు దారాల్లా బూజు కనబడింది. నా కడుపులోనే అది పుట్టిందన్న బాధ నాకు పోలేదు. లెన్సు శుభ్రం చేయించింది. అప్పటినుంచి నా మూలన సిలికా జెల్ పొట్లం ఉంటుంది. నీలంగా ఉన్న గింజలు తేమ పీల్చుకుని గులాబీ రంగుకు తిరిగితే మార్చేస్తుంది. వాన పడితే లెన్సులు డబ్బాలోకి, నేను ఫ్యాను కిందికి.

మొన్న ఫిబ్రవరిలో వాళ్ల నాయనతో కలిసి లేపాక్షికి, అక్కణ్ణుంచి వీరాపురానికి వెళ్లాం. బెంగళూరు నుంచి లేపాక్షి 120 కిలోమీటర్లు. బస్సులో ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని, "ఏమ్మా, ఇంత సంచిలో అన్నీ పడతాయా?" అన్నాడు. "పడతాయి నాయనా, చూద్దువులే" అంది. 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది ముందు వెడల్పు లెన్సు బయటికొచ్చింది. గుడి లోపల చీకటి మూలల్లో 50 ఎంఎం. లెన్సు మార్చిన ప్రతిసారీ కెమెరా నోరు కిందికి వంచి పట్టుకుంటుంది, లోపల దుమ్ము పడకుండా. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా చూస్తూ ఉన్నాడు.

వీరాపురంలో చింతచెట్లు ఇళ్ల మధ్యనే ఉంటాయి. ఆ చెట్ల మీదే పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. ఊళ్లోవాళ్లు సైబీరియా కొంగలంటారు కానీ అవి మన దేశపు పక్షులే, గూళ్లు పెట్టే కాలానికి ఇక్కడికి చేరతాయి. వాటిని ఎవరూ ముట్టరు, వస్తే ఊరికి మంచిదని నమ్మకం. అంత దగ్గరగా ఉంటే 250 ఎంఎం చాలు. ఆమె తలెత్తి ఫొటోలు తీసుకుంటుంటే, ఆయన చెట్టు కింద అరుగు మీద కూర్చుని, నన్ను రెండు చేతులతో గుండెకు హత్తుకుని పట్టుకున్నాడు. పైనుంచి ఒక పెంట చుక్క పడింది. ఆయన మీద పడకుండా నా మూత మీద పడింది.

ఇంటికొచ్చాక మూడుసార్లు కడిగింది. తెల్లటి మచ్చ పూర్తిగా పోలేదు.