గగన వాచాలుడు

2019లో విమానాల రాకపోకలు 9 లక్షలు దాటిన చికాగో ఓహేర్ వంటి విమానాశ్రయంలో, ఒక కంట్రోలర్ అధీనంలో ఉన్న పైలట్లందరూ ఒకే ఫ్రీక్వెన్సీని, అనగా ఒకే రేడియో మార్గాన్ని, పంచుకోవలసి ఉంటుంది. ఒకరు మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపు మిగిలినవారు నోరు మూసుకొని వేచి ఉండక తప్పదు. వీధికంతటికీ ఒకటే కుళాయి ఉన్నచోట, బిందె నింపుకొని తప్పుకోక అక్కడే చతికిలబడి దానిని తోముకునే మనిషి ఏ సమాజంలోనైనా ఉంటాడు కనుక, అమెరికా గగనతలంలోనూ అటువంటి కెప్టెన్ ఒకడు వర్ధిల్లుతున్నాడు.

మీట నొక్కగానే విషయం చెప్పడం కొత్తవారి తత్తరపాటని ఇతడి నిశ్చితాభిప్రాయం. అందువల్ల ముందుగా ఒక సుదీర్ఘమైన “ఆఁ...” తీసి, శుభోదయం పలికి, తాము విచ్చేసిన సంగతిని తీరికగా నివేదించి, ఆ తరువాతనే కాల్‌సైన్‌ను, అంటే తన విమానాన్ని గుర్తించే పిలుపును, బయటపెడతాడు. 1947లో ధ్వనివేగాన్ని దాటిన చక్ యీగర్ సాగదీత యాసనే అమెరికా పైలట్లు అనుకరిస్తున్నారని టామ్ వుల్ఫ్ 1979 నాటి తన గ్రంథంలో చమత్కరించాడు. ఈ కెప్టెన్ ధ్వనివేగం దరిదాపులకైనా పోలేదు గాని, సాగదీతలో యీగర్‌ను ఏనాడో దాటిపోయాడు.

మీట నొక్కే ముందు వినవలెనని, ఆలోచించవలెనని, క్లుప్తంగా పలకవలెనని ఆ దేశపు విమానయాన యంత్రాంగం తన చేతిపుస్తకంలో బోధిస్తుంది. ఇందులో మీట నొక్కడమనే భాగాన్ని ఇతడు నిష్ఠగా పాటిస్తాడు. గాలి కుదుపులను గురించి అడిగినవారికీ అడగనివారికీ సవిస్తరంగా వర్ణించే ఈ వక్త, రన్‌వే ముందు ఆగమన్న ఆదేశాన్ని మాట పొల్లుపోకుండా తిరిగి అప్పగించవలసిన చోట, అనగా రీడ్‌బ్యాక్ తప్పనిసరైన ఘట్టంలో, మీటను రెండుసార్లు టిక్కుటిక్కుమనిపించి సరిపెట్టడం విశేషం. పొదుపు చేయరాని చోటనే అతడికి పొదుపు గుర్తుకు వస్తుంది. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే మాటలు చెడి, కీచుమనే రొద మిగులుతుంది. 1977 మార్చి 27న టెనెరిఫేలో 583 మందిని బలిగొన్న దుర్ఘటనకు గల అనేక కారణాలలో రెండు కీలక సందేశాలు ఇలా ఢీకొనడం కూడా ఒకటి కనుక, క్లుప్తత వట్టి మర్యాద కోసం ఏర్పడిన నియమం కాదు.

ఇంతటివాడు పరుల క్రమశిక్షణ విషయంలో మాత్రం మహా కఠినుడు. ఆపదలో ఉన్నవారి కోసం కేటాయించిన 121.5 మెగాహెర్ట్జ్‌ను, అనగా పైలట్లు గార్డ్ అని పిలిచే ఫ్రీక్వెన్సీని, రెండవ రేడియోలో పెట్టుకొని, ఎవరైనా పొరపాటున అందులో మాట్లాడితే “గార్డ్‌లో ఉన్నారు!” అని ఉరుముతాడు, ఆ ఉరుముకు ఎక్కడి నుండో పిల్లికూత బదులు వస్తుంది. ఆ పిల్లి కూడా ఇతడేనేమోనన్న అనుమానం సహచరులలో లేకపోలేదు.

ఇతడి వాక్పటిమకు పరాకాష్ఠ, ప్రయాణికులకు వినిపించవలసిన ప్రసంగం మీట మార్చడం మరచినందువల్ల టవర్ ఫ్రీక్వెన్సీలో ప్రసారమైన రోజున కనిపిస్తుంది. గమ్యంలోని ఉష్ణోగ్రత, గాలి తీరు, చేరే వేళ, సంస్థ తరఫున కృతజ్ఞతలు, అన్నీ ఒక్క “ఆఁ” కూడా లేకుండా ధారాళంగా సాగిపోతాయి. ప్రసంగం ముగియగానే గుర్తు తెలియని పైలట్లు ఒకరి వెంట ఒకరుగా ధన్యవాదాలు సమర్పిస్తారు. మాట్లాడుతున్నంతసేపు ఆ రేడియోలో ఇతరుల మాట వినిపించదు కనుక, ఈలోగా కంట్రోలర్ ఇతడికి ఇచ్చిన ఆదేశం ఇతడికి అందదు, అప్పుడు మళ్లీ మీట నొక్కి, సుదీర్ఘమైన “ఆఁ...” తీసి, ఇంకొకసారి చెప్పమని కోరతాడు.