నా గొంతు వంద హెర్ట్జ్

కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్‌కు చెందిన వ్యాగ్-7 ఇంజన్‌లో, నూనెలో మునిగి ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ని నేను. రామగుండం బొగ్గు లాగడం నా బతుకు.

ఇంజన్ నెత్తిన పాంటో లేచి కరెంటు తీగను తాకుతుంది. డ్రైవర్ సారు డీజే అనే సర్క్యూట్ బ్రేకర్ వేస్తాడు. ఆర్నో కన్వర్టర్ హోరు అందుకునేలోపు సన్నగా వినిపించే మోత నాది. కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అటు ఊగినా ఇటు ఊగినా నా ఇనుప రేకులు కంటికి ఆననంత సాగి ముడుచుకుంటాయి. అందుకే నా గొంతు 100 హెర్ట్జ్.

కరెంటు ధ్వని కావాలంటే దేన్నో ఒకదాన్ని కదపాలి. నాలో ఇనుము కదులుతుంది. ఉత్తరాన ధ్రువకాంతి వెలిగే చోట గాలే కదులుతుందని తెలిసినప్పటి నుంచి నా ధ్యాసంతా అటే.

అక్కడ 100 కిలోమీటర్ల ఎత్తున తీగ లేకుండా పారే కరెంటు, పెద్ద సౌర తుఫానులో పది లక్షల ఆంపియర్లకు చేరుతుంది. నిండు బండిని లాగేటప్పుడు కూడా నేను తీసుకునేది సుమారు 200. అయితే ఆ పై కరెంటు నా కరెంటులా ఊగదు, ఒక దిక్కుకే పారుతుంది. మరి ధ్వని ఎట్లా? ఆ కరెంటు పలచటి గాలిని వేడెక్కిస్తుంది, భూమి అయస్కాంత క్షేత్రం తోడై నెడుతుంది. వెలుగు తెర ఒక్కోసారి ధ్వనిని మించిన వేగంతో పక్కకు జరుగుతుంది. గోదావరిలో లాంచీ ముందు నీళ్ళు లేచినట్టు, తప్పుకునే వ్యవధి లేని గాలి ఒత్తుకుపోయి అలై నేలకు దిగుతుంది. 1960లలో చార్లెస్ విల్సన్ అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర సున్నితమైన మైక్రోఫోన్లతో ఈ అలల్ని పట్టుకున్నాడు. ఒక్క ఊపుకే పదుల సెకన్లు! కింది వైపు మనిషి చెవి 20 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అందనంత మాత్రాన అది ధ్వని కాకపోదు.

అదే కరెంటు ధ్వని కావడానికి నేల గుండా ఇంకో దారి ఉంది. పైన అది వేగంగా మారుతుంటే కింద నేలలోనూ కరెంటు పుట్టి, ఎర్తింగ్ తీగల మీదుగా నా జాతివాళ్ళలోకి ఎక్కుతుంది. ఇనుము ఒకవైపే అయస్కాంతంతో నిండిపోయి, మోత గర్జనవుతుంది. అలాంటి తుఫానుకే 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ కూలి, 60 లక్షల మంది చీకట్లో పడ్డారు. 1982 జులైలో ఇంకో తుఫానుకు స్వీడన్‌లో రైలు సిగ్నళ్ళు వాటంతటవే ఎర్రబడ్డాయి. రైలువాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

కాజీపేటకు ఆ వెలుగుల పట్టీ చాలా దూరం. అయినా అలాంటి తుఫాను వస్తే హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళ అయస్కాంత పరికరాల్లో గీత కిందికి జారుతుంది.