ఒక ట్రాక్టరు ట్రాలీ ఆత్మకథ: వానకాలపు విశ్రాంతి

తనంతట తాను అడుగైనా కదలలేని వాహనం ఉత్తమ పురుషలో చరిత్ర చెప్పుకోవడం ఉచితం కాదని తలచి, పలమనేరు ప్రాంతపు ఈ రెండు చక్రాల ట్రాలీ తన ఆత్మకథను ప్రథమ పురుషలోనే వినిపిస్తోంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును మరో మోటారు వాహనం లాగేందుకు ఉద్దేశించిన వాహనంగా నిర్వచించింది. అందువల్ల ట్రాక్టరు వెంట నడవడం దాని బతుకులో ఒక భాగమైతే, విడిచిన చోట నిలిచి ఉండటం రెండో భాగం. ఏమరుపాటున ఆయుష్షు తరిగేది ఈ రెండో భాగంలోనే.

శీతల దేశాల్లో విహారయాత్రలకు వాడే చిన్న ట్రైలర్లను చలికాలం మూలన పెట్టేముందు గొట్టాల్లోని నీటినంతా తీసివేస్తారు. గడ్డకట్టిన నీటి పరిమాణం సుమారు 9 శాతం పెరిగి గొట్టాలు పగులుతాయి. సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉన్నా పలమనేరులో ఆ భయం లేదు. ఇక్కడి శత్రువు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వాన, ఆ వెనుక వచ్చే మంచు తేమ, వాటివల్ల పుట్టే తుప్పు.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. లవణాలు తోడైతే అది వేగం పుంజుకుంటుంది. వేసవిలో టమోటా పెట్టెలు మోసిన ఈ ట్రాలీయే పశువుల ఎరువును, పొటాష్ బస్తాలను కూడా మోస్తుంది గనుక, చిరిగిన బస్తాల నుంచి రాలిన ఎరువు తొట్టి మూలల్లో నిలిచి రేకును తినివేస్తుంది. ఆయుధ పూజకు బండిని కడిగి పసుపు కుంకుమలు పెట్టే ఆచారం సరిగ్గా వానలకు ముందే రావడం ఈ దృష్టితో చూస్తే గొప్ప సౌకర్యం. కడిగి ఆరాక తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, రెడాక్సైడ్ అనే అడుగు పూత వేసి, దానిపై రంగు వేయాలి.

తరువాతి పని చక్రాలది. ఇరుసు చివర చక్రం సులువుగా తిరిగేందుకు ఆధారమైన బేరింగులను విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, కొత్త గ్రీజు పట్టిస్తే అది రాపిడిని తగ్గించడమే గాక నీటిని కూడా లోపలికి రానివ్వదు. ఖాళీ ట్రాలీ అయినా నెలల తరబడి ఒకేచోట నిలిస్తే నేలను తాకిన భాగంలో టైరు అణిగిపోతుంది కాబట్టి, జాకీతో లేపి ఇరుసు కింద చెక్క దిమ్మెలు పెడతారు. తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ జాకీ కడ్డీ బయట ఉంటే దాని నునుపు చెడుతుంది. అందుకే తొట్టిని పూర్తిగా దించి ఉంచాలి. ట్రాక్టరుకు తగిలించే ముందుభాగపు కొసను కాస్త ఎత్తుగా నిలిపితే వాన నీరు వెనుకకు జారిపోతుంది. టార్పాలిన్‌ను గాలి ఆడేలా కట్టకపోతే లోపలి తేమ లోపలే నిలిచి, కప్పిన ప్రయోజనమే దెబ్బతింటుంది.

సంక్రాంతి తరువాత మళ్లీ రోడ్డెక్కేముందు గాలి, చక్రాల నట్లు, వెనుక దీపాల తీగలు చూడక తప్పదు. తీగలను ఎలుకలు కొరకడం మామూలే. ట్రాక్టరు ఇంజనుకు ఆయిలు మార్చడం మరవని రైతు, దాని వెనుక నడిచే బండికి ఏడాదికి ఒక్క పూట కేటాయిస్తే చాలు.